బేగంపేటలో రెండింజన్ల చదువు: నా అనుభవం

సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, కావలసిన 200 గంటల్లో సింహభాగం సెస్నా 172 మీద గడిచిపోయాక, చివర్లో మల్టీ ఇంజన్ అనే ఘట్టం ఒకటి మిగులుతుంది. రూలు ప్రకారం అది లేకపోయినా లైసెన్సు వస్తుంది. కానీ మన దగ్గర ఎయిర్‌లైన్ ఉద్యోగం కావాలనుకునేవాడు రెండింజన్ల విమానం మీద ఎండార్స్‌మెంటూ, దాని మీదే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగూ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత) లేకుండా దరఖాస్తు పెట్టడం దండగ. అందుకని అందరూ చేస్తారు. ఎక్కువమంది ఎలా చేస్తారంటే, ఎక్కడ స్లాట్ త్వరగా దొరికితే అక్కడ, ఏ విమానం ఉంటే దాని మీద, కావలసినన్ని గంటలు లాగించేసి బయటపడతారు. నేనూ అలాగే చేసేవాణ్ణేమో గానీ, ఇంట్లో నాన్న అడిగిన ప్రశ్న ఒకటి బుర్రలో తిరుగుతూ ఉండిపోయింది. "రెండు ఇంజన్లంటే ఒకటి ఆగినా ఇంకోటి ఉంటుంది కదరా, ఇంక టెన్షన్ ఏముంది? డబ్బు ఎక్కువైనా ఇదే మంచిది."

వినడానికి బాగానే ఉంది. కానీ చిన్న రెండింజన్ల విమానాల విషయంలో ఈ మాట సగమే నిజం, ఆ మిగతా సగం నేర్చుకోవడానికే ఈ ట్రైనింగంతా.

ముందు లెక్క చెప్తాను. ఒక ఇంజన్ పోతే పవర్ సగం పోతుంది, ఒప్పుకుందాం. కానీ పైకి ఎక్కే శక్తి సగం పోదు, ఎనభై శాతం దాకా పోతుంది, ఒక్కోసారి మొత్తం పోతుంది. ఇంట్లో ఇద్దరూ సంపాదిస్తూ, ఈఎంఐలూ ఖర్చులూ పోను నెలకి కాస్త వెనకేస్తున్నారనుకోండి, ఒక జీతం ఆగిపోతే వెనకేసేది సగం కాదు కదా, ఏమీ మిగలదు, ఇంకా అప్పు చేయాలి. విమానమూ అంతే. గాల్లో అదే ఎత్తులో ఉండటానికే చాలా పవర్ ఖర్చవుతుంది, ఆ పైన మిగిలిందే క్లైంబ్.

ఇప్పుడు ఇందులో హైదరాబాద్‌ని కలపండి. మా సీనియర్ ఒకడు అమెరికాలో పైపర్ సెమినోల్ అనే చిన్న రెండింజన్ల విమానం మీద చేసుకొచ్చాడు, దాని మాన్యువల్ పీడీఎఫ్ నాకు పంపాడు. పూర్తి బరువుతో, ఒక్క ఇంజన్ మీద దాని సర్వీస్ సీలింగ్ 3,800 అడుగులు. అంటే ఆ ఎత్తులో నిమిషానికి యాభై అడుగులు ఎక్కగలదు, అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 1,740 అడుగుల చిల్లర ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడిపోయి, రన్‌వే మీద నిలబడి ఉండగానే విమానానికి అది 5,000 అడుగులు దాటిన ఎత్తులా అనిపిస్తుంది. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు, గ్రౌండ్ క్లాసులో అందరం బట్టీ పట్టిందే. కానీ కాగితం మీద ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నాక తెలిసింది అసలు సంగతి. అలాంటి మధ్యాహ్నం నిండా బరువుతో సెమినోల్ మన ఊర్లో టేకాఫ్ అయి ఒక ఇంజన్ పోతే, రెండో ఇంజన్ దాన్ని పైకి తీసుకెళ్ళదు, మెల్లగా కిందకి తీసుకొస్తుంది. కింద ఏముందో మీకు తెలుసు కదా. రన్‌వే 27 వైపు, అంటే పడమరకి వెళ్తే సనత్‌నగర్, మూసాపేట, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లు. 09 వైపు, అంటే తూర్పుకి వెళ్తే సికింద్రాబాద్.

ఈ లెక్క చూశాకే విమానం ఎంచుకోవాలని నిర్ణయించుకున్నాను, స్లాట్ చూసి కాదు.

ఫోన్లు చేసి కనుక్కుంటే మన దేశంలో స్కూళ్ళలో ఎక్కువగా దొరికేవి మూడు రకాలని అర్థమైంది. పైపర్ సెనెకా, టెక్‌నామ్ పీ2006టీ, డైమండ్ డీఏ42. గంటకి రేటు ఎక్కడ అడిగినా సింగిల్ ఇంజన్ రేటుకి రెండింతలకు పైమాటే, కాబట్టి రేటు పెద్ద తేడా కాదనిపించింది. ఒకచోట మాత్రం ఫోన్‌లో రేటు బాగా తక్కువ చెప్పి, వెళ్ళి కూర్చున్నాక ఇంధనం వేరే, ల్యాండింగ్ చార్జీలు వేరే, ఇన్‌స్ట్రక్టర్ వేరే అన్నారు. మీరు అడిగేటప్పుడు "అన్నీ కలిపి గంటకి ఎంత, విమానం మూలపడితే నా డబ్బు ఏమవుతుంది" అని మెయిల్‌లో రాయించుకోండి.

సెనెకా గురించి పాత తరం ఇన్‌స్ట్రక్టర్లు చాలా ప్రేమగా మాట్లాడతారు. టర్బోచార్జర్ ఉంది కాబట్టి ఎత్తులోనూ ఎండలోనూ పవర్ అంత తేలిగ్గా పడిపోదు. రెండు ప్రొపెల్లర్లూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి ఏ ఇంజన్ పోయినా కష్టం ఒకటే. ఆరు లీవర్లు. థ్రాటిల్ రెండు, ప్రొపెల్లర్ రెండు, మిక్స్చర్ రెండు. దాని మీద నేర్చుకున్నవాడికి చేతులు బాగా తిరుగుతాయంటారు, నిజమే. కానీ అది తాగేది ఏవీగ్యాస్ అనే విమాన పెట్రోల్. 2022లో ఇండియన్ ఆయిల్ మన దగ్గరే, వడోదర రిఫైనరీలో తయారుచేయడం మొదలుపెట్టేదాకా ఆ పెట్రోల్ అంతా దిగుమతే. డ్రమ్ములు రాలేదని విమానాలు రోజుల తరబడి నిలబడిపోయిన కథలు సీనియర్ల దగ్గర బోలెడు విన్నాను.

టెక్‌నామ్ ముచ్చటైన విమానం. రెండు రోటాక్స్ ఇంజన్లు, ఒక్కోటి 100 హార్స్‌పవర్, తేలిక, పొదుపు, రెక్క పైన ఉంటుంది కాబట్టి కింద ఊరంతా కనిపిస్తుంది. కానీ టర్బో లేదు, మన ఎండలకి ఒక్క ఇంజన్ మీద నాకు మనసొప్పలేదు. చలికాలం అయ్యుంటే ఇంకోలా ఆలోచించేవాణ్ణేమో.

మిగిలింది డీఏ42. అందులో కొత్త రకాలకి ఉండేది ఆస్ట్రో ఏఈ300 అనే డీజిల్ ఇంజన్, 168 హార్స్‌పవర్, మూలం చూస్తే మెర్సిడెస్ కారు ఇంజనే. టర్బో ఉంది. ఏటీఎఫ్ మీద నడుస్తుంది, అంటే బోయింగ్‌కి పోసేదే దీనికీ పోస్తారు, దాదాపు ఏ పెద్ద విమానాశ్రయంలో దిగినా దొరుకుతుంది. రెండు ఇంజన్లూ కలిసి గంటకి 40 నుంచి 50 లీటర్లు. ఆరు లీవర్ల బదులు రెండే, మిగతాది ఫాడెక్ అనే కంప్యూటర్ చూసుకుంటుంది.

ఆ కంప్యూటర్ దగ్గరే నాకు అనుమానం. దీని పాత చరిత్ర చదివితే ఎవరికైనా వస్తుంది. 2007లో జర్మనీలో స్పయర్ అనే ఊర్లో, అప్పటి థీలర్ట్ ఇంజన్లున్న డీఏ42 ఒకదానికి బ్యాటరీ డౌన్ అయి ఉంటే బయటి కరెంటుతో స్టార్ట్ చేసుకుని బయల్దేరారు. టేకాఫ్ అయి గేర్ (చక్రాలు) పైకి లాగగానే ఆ మోటారు లోడుకి ఓల్టేజ్ పడిపోయింది, ఇంజన్ కంప్యూటర్లు రీసెట్ అయ్యాయి, రెండు ఇంజన్లూ ఒకేసారి ఆగిపోయాయి. రెండింజన్లున్నా రెండింటికీ దిక్కు ఒక్క కరెంటే అయితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. తర్వాత 2008లో ఆ థీలర్ట్ కంపెనీ దివాలా తీయడం, డైమండ్ వాళ్ళు సొంతంగా ఆస్ట్రో ఇంజన్ తెచ్చుకోవడం, ఇదంతా మా ఇన్‌స్ట్రక్టర్‌ని కూర్చోబెట్టి అడిగాను. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో చేసి వచ్చినాయన, విసుక్కుంటారేమో అనుకున్నా, విసుక్కోలేదు. "ఇవన్నీ అడిగేవాడే కావాలి నాకు. బ్యాటరీ డౌన్ ఉన్నరోజు మనం ఎగరం, టీ తాగి ఇంటికెళ్తాం, అంతే" అన్నారు. అక్కడికి నా వెతుకులాట ముగిసింది, అదృష్టం కొద్దీ ఊరు కూడా వదలక్కర్లేకపోయింది.

టెక్నికల్ స్పెసిఫిక్ పేపర్ (ఆ రకం విమానం మీద రాసే పరీక్ష) గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, మాన్యువల్ చదివితే అయిపోతుంది. కాక్‌పిట్‌లో కూర్చోవడమే వేరే లోకం. సీట్లు కదలవు, పెడల్సే ముందుకీ వెనక్కీ జరుగుతాయి. పైన బుడగలాంటి అద్దం మూత, ముందుకి తెరుచుకుంటుంది. బేగంపేటలో విమానాలు నిలిపే ఏప్రన్ మీద ఏప్రిల్ ఎండలో ఆ మూత కింద పదినిమిషాలు కూర్చుంటే చొక్కా పిండుకోవచ్చు, అందుకే రన్‌వే దాకా దాన్ని కాస్త తెరిచే పెట్టుకుని పోతాం. తాళం ఎడమకి తిప్పితే ఎడమ ఇంజన్, కుడికి తిప్పితే కుడి ఇంజన్ స్టార్ట్ అవుతాయి, కారు కన్నా తేలిక. తర్వాత ఆయిల్ వేడెక్కేదాకా ఆగాలి, మన ఊర్లో అదెంతసేపు. రన్‌అప్ (టేకాఫ్ ముందు ఇంజన్ పరీక్ష) కూడా ఒక బటన్ నొక్కి పట్టుకుంటే కంప్యూటరే ప్రొపెల్లర్‌ని తిప్పి చూసుకుని, తన రెండు మెదళ్ళనీ మార్చి చూసుకుని, సరే అంటుంది. సెస్నాలో మ్యాగ్నెటోలు, కార్బ్ హీట్ అంటూ చేసిన హడావుడి ఏదీ లేదు. పైకి లేచాక రెండు ఇంజన్లతో నిమిషానికి వెయ్యి అడుగులకి పైన ఎక్కుతుంటే, హుస్సేన్ సాగర్ ఒక పక్కన చిన్నదైపోతుంటే, అబ్బా ఇదీ విమానమంటే అనిపించింది. మొదటి గంట అలా గడిచింది.

రెండో గంట నుంచి మొదలైంది అసలు చదువు.

ట్రైనింగ్ ఏరియాలోకి వెళ్ళి ఎత్తు తీసుకున్నాక, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఇన్‌స్ట్రక్టర్ ఎడమ లీవర్ వెనక్కి లాగేశారు. ముక్కు ఎడమకి కొట్టుకుపోయింది, దాని వెనకే రెక్క కూడా వాలడం మొదలుపెట్టింది. నా చేతులు స్టిక్‌తో ఏదో చేస్తున్నాయి. "చేతులు కాదు, కాలు! నీ కుడికాలు ఎక్కడుంది?" అని అరుపు. కుడి పెడల్ తొక్కితే గానీ ముక్కు ఆగలేదు, తొక్కడమంటే మామూలుగా కాదు, మోకాలు బిగుసుకుపోయేదాకా. సెస్నాలో రడ్డర్ (పెడల్స్ తొక్కితే తిరిగే తోక పలక) అంటే బొటనవేలి పని. ఇక్కడ తొడ పని.

ఏ ఇంజన్ పోయిందో కనుక్కునేది కూడా కాలితోనే. ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజన్ చచ్చింది. ఎడమకాలు ఖాళీగా ఉంది, అంటే ఎడమ ఇంజన్. అది నోటితో గట్టిగా చెప్పాలి. తర్వాత అనుమానమున్న ఇంజన్ లీవర్‌ని మెల్లగా వెనక్కి లాగి చూడాలి. శబ్దంలో, కాలి కింద ఒత్తిడిలో మార్పేమీ రాకపోతే చచ్చింది అదే అని ఖాయం. అప్పుడే దాన్ని ఆపే మాస్టర్ స్విచ్ మీద చెయ్యి వేయాలి. ఈ నిర్ధారణ దగ్గర ఆయన అస్సలు తొందరపడనిచ్చేవారు కాదు. 2015లో తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ కథ ప్రతి బ్రీఫింగ్‌లోనూ వచ్చేది. టేకాఫ్ తర్వాత కుడి ఇంజన్‌లో సమస్య వస్తే, బాగున్న ఎడమ ఇంజన్‌ని ఆపేసుకున్నారు. మన రాజమండ్రి రూట్లో తిరిగిన రకం విమానమే. "వాళ్ళకి నీ కన్నా వేల గంటలు ఎక్కువ" అనేవారు, అంతే, ఇంకేమీ చెప్పేవారు కాదు.

ఇక బ్లూ లైన్. రాయదుర్గం వెళ్ళే మెట్రో కాదు, స్పీడ్ చూపే స్కేలు మీద ఉండే నీలం గీత. ఒక్క ఇంజన్ మీద అన్నింటికన్నా బాగా ఎక్కగలిగే వేగం అది, మా విమానంలో 85 నాట్లు. అంతకన్నా నెమ్మదిస్తే అంతగా ఎక్కదు, ఎక్కువైనా అంతగా ఎక్కదు. దానికి దిగువన ఎర్ర గీత ఉంటుంది, ఆ వేగం కన్నా తగ్గితే చచ్చిన ఇంజన్ వైపు తిరిగిపోవడాన్ని ఆపే బలం రడ్డర్‌కి ఉండదు, ఎంత తొక్కినా అంతే. దీన్ని చూపించేటప్పుడు ఆయన తన పెడల్‌కి కాలు అడ్డం పెట్టి, నాది పూర్తిగా పోనివ్వకుండా ఆపారు, అసలు గీత దాకా పోకుండా కాస్త ముందే ఆ పరిస్థితి వచ్చేలా. ముక్కు పైకెత్తి వేగం తగ్గిస్తూ పోతుంటే ఒకచోట హెడింగ్ (ముక్కు ఉన్న దిశ) జారిపోవడం మొదలైంది, నేను తొక్కుతూనే ఉన్నాను, అది తిరుగుతూనే ఉంది. అప్పుడు చేయాల్సిన పని మనసుకి అస్సలు రుచించదు. బతికున్న ఇంజన్ పవర్ తగ్గించి, ముక్కు కిందకి దించాలి. పవర్ వల్లే కదా తిరుగుతోంది. మూడు వేల అడుగుల పైన అది తేలిక. సనత్‌నగర్ మీద మూడొందల అడుగుల్లో ముక్కు కిందకి దించమంటే ఎవడికి చెయ్యి వస్తుంది? అందుకే ఆ స్థితికి చేరకుండా ఉండటమే విద్య అని ఆయన పదేపదే చెప్పింది.

డీఏ42లో ప్రొపెల్లర్లు రెండూ ఒకే దిశలో తిరుగుతాయి, కాబట్టి ఎడమ ఇంజన్ పోవడం కుడిది పోవడం కన్నా కాస్త కష్టం. సెనెకా వాళ్ళకి ఈ బాధ లేదు. నేను ఎంచుకున్న విమానం అన్నింట్లోనూ మెరుగని చెప్పడం లేదు.

ఒకరోజు ఎత్తులో నిజంగానే ఇంజన్ ఆపాం. మాస్టర్ స్విచ్ కిందకి వేయగానే ప్రొపెల్లర్ మూడు రెక్కలూ గాలికి అంచు తిప్పుకుని, రెండు మూడు సార్లు బద్ధకంగా తిరిగి ఆగిపోయాయి. ఫెదర్ అవడమంటే ఇదే. ఆగకముందు అడ్డంగా తిరుగుతున్న ప్రొపెల్లర్ బ్రేకులా వెనక్కి లాగుతుంటుంది, అంచు తిప్పుకోగానే ఆ లాగుడు పోయి నా కుడికాలికి ఒక్కసారిగా ఊపిరి ఆడింది. ఆ తేడా పుస్తకంలో చదివితే రాదు. ఆ తర్వాత క్లైంబ్ చూస్తే నిమిషానికి రెండొందల అడుగుల దగ్గర ఆడుతోంది, అదీ మేమిద్దరమే ఉండగా, పొద్దున్న పూట. బతికున్న ఇంజన్ వైపు రెక్కని రెండు మూడు డిగ్రీలు వాల్చి, బంతిని (విమానం పక్కకి జారుతోందా అని చూపే గుర్తు) సగం బయటికి వదిలితే ఇంకొంచెం మెరుగు. నిటారుగా, బంతి మధ్యలో పెట్టుకుని ముచ్చటగా ఎగరాలనుకుంటే ఆ కాస్తా పోతుంది. మళ్ళీ స్టార్ట్ చేసి వెనక్కి తిరిగాం.

ఇంటికొచ్చి నాన్నకి ఈ రెండొందల సంగతి చెప్తే, కాసేపు ఏమీ అనలేదు. "అయితే రెండోది ఎందుకురా మరి?" అన్నారు. ఎత్తులో ఉన్నప్పుడు, నాందేడ్ దారిలో రాత్రిపూట ఉన్నప్పుడు, మబ్బుల్లో ఉన్నప్పుడు అది ప్రాణదాతే నాన్నా, టేకాఫ్ అయిన మొదటి నిమిషంలోనే దాన్ని నమ్ముకోకూడదు అన్నాను. ఆయనకి పూర్తిగా నచ్చలేదనుకుంటా.

ఆ మొదటి నిమిషం కోసమే ప్రతి టేకాఫ్‌కి ముందు రన్‌వే చివర నిలబడి గట్టిగా చెప్పుకోవాల్సిన పాఠం ఉంటుంది. చక్రాలు లేవకముందు పోతే రెండు లీవర్లూ వెనక్కి, ఆగిపోవడమే. లేచాక ఇంకా రన్‌వే మిగిలుంటే దాని మీదే దిగిపోవడం. గేర్ ఎత్తేసి బ్లూ లైన్ అందుకున్నాకే ముందుకెళ్ళే ఆలోచన. బేగంపేట రన్‌వే 3 కిలోమీటర్ల పైన ఉంది, 2008లో శంషాబాద్ వచ్చేదాకా జంబోలు దిగిన రన్‌వే, మా బుల్లి విమానానికి అదో వరం. అందుకే గేర్ ఎత్తడానికి తొందరపడేవాళ్ళం కాదు. ముందు రన్‌వే కనిపిస్తున్నంతసేపు చక్రాలు కిందే. చిన్న స్ట్రిప్పుల మీద ట్రైనింగ్ చేసినవాళ్ళకి ఈ సౌకర్యం ఉండదు.

ఒక్క ఇంజన్‌తో ల్యాండింగ్ అనుకున్నంత భయంకరం కాదు. దిగడానికి పవర్ అక్కర్లేదు కదా. చిక్కంతా గో అరౌండ్ దగ్గర, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి లేవాల్సి వచ్చినప్పుడు. గేర్, ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు) పూర్తిగా దించేశాక ఒక ఎత్తు కిందకి వచ్చామంటే ఇంక దిగడమే, రన్‌వే మీద ఏమున్నా సరే. ఆ ఎత్తు ముందే అనుకుని పైకి చెప్పుకోవాలి. ఇంకో విషయం, వేగం తగ్గిస్తూ పవర్ తీస్తుంటే కాలి ఒత్తిడి కూడా అదే లెక్కన తీయాలి, లేదంటే ఫ్లేర్‌లో, అంటే నేలని తాకే ముందు విమానాన్ని నిలదొక్కేటప్పుడు, ముక్కు అవతలి వైపు తిరిగిపోతుంది.

బయట కనిపించకుండా కళ్ళకి అడ్డంగా హుడ్ పెట్టుకుని ఇన్‌స్ట్రుమెంట్ గంటలు చేయడం గురించి ఎక్కువ రాయను, అంకెలన్నీ తెరల మీద చూపే గ్లాస్ కాక్‌పిట్ ఉంది కాబట్టి స్కాన్ (పరికరాల మీద కళ్ళు తిప్పడం) త్వరగా అలవాటైంది. దాని గుణం ఎంతో దోషం కూడా అంతే. తెర చాలా అందంగా ఉంటుంది, కళ్ళు అక్కడే అతుక్కుపోతాయి. హుడ్ కింద ఉండగా ఇంజన్ తీసేస్తే మాత్రం రెండు పనులు ఒకేసారి, కాలితో ఒకటి, కళ్ళతో ఒకటి. చెమటలు పట్టాయి, ఏసీ లేకపోవడం వల్ల మాత్రమే కాదు.

చెక్ రోజు ఎగ్జామినర్ చాలా తక్కువ మాట్లాడారు. టేకాఫ్ తర్వాత సురక్షితమైన ఎత్తుకి వెళ్ళాక లీవర్ లాగారు, నేను కాలు, వేగం, గుర్తింపు, నిర్ధారణ అని పైకి చెప్పుకుంటూ చేశాను. స్విచ్ దగ్గర చెయ్యి ఆపి "కన్ఫర్మ్ లెఫ్ట్, సర్?" అన్నప్పుడు తల ఊపారు. ఆయన నా చెయ్యి ఎంత వేగంగా కదులుతోందో చూడటం లేదు, ఎక్కడ ఆగుతోందో చూస్తున్నారని అప్పుడనిపించింది. దిగాక టర్బో చల్లబడటానికి ఇంజన్లని ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచాలి, ఆ నిమిషంలోనే ఫలితం చెప్పేశారు.

తర్వాత లైసెన్సులిచ్చే డీజీసీఏ వాళ్ళ ఈజీసీఏ పోర్టల్‌లో కాగితాలు అప్‌లోడ్ చేయడం, లాగ్‌బుక్ పేజీలు స్కాన్ చేయడం, ఒక సంతకం సరిగ్గా పడలేదని వెనక్కి పంపిస్తే మళ్ళీ పెట్టడం, అదంతా మీకు తెలిసిన భాగోతమే. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువు ఏడాదే. ఈలోగా ఎయిర్‌లైన్ వాళ్ళు పిలిస్తే సరే, పిలవకపోతే మళ్ళీ ఏదో ఒక ట్విన్ వెతుక్కుని, డబ్బు కట్టి చెక్ ఇవ్వాలి. ఈసారి స్లాట్ డిసెంబర్‌లో అడుగుతాను, అదీ పొద్దున్న మొదటిది.